తొమ్మిదో చేప

మీ ఇంట్లో చేపల తొట్టి ఏ మూలన ఉంది? ఆ మూలనే ఎందుకు ఉంది? ప్లగ్గు అక్కడ ఉంది కాబట్టా, ఎవరో చెప్పారు కాబట్టా? ఇంకో ప్రశ్న కూడా ఇప్పుడే అడిగేస్తాను. ఆ చేపలు వద్దనుకున్న రోజున వాటిని ఏం చేస్తారు?

ఊసుపోక అడుగుతున్న ప్రశ్నలు కావు ఇవి. మూడేళ్ళ కిందటి వేసవిలో, కెనడా పడమటి కొసన, ఫ్రేజర్ నది వరద మైదానంలో ఒక నీటి పాయ బతుకు సరిగ్గా ఈ ప్రశ్నల దగ్గర ఆగిపోయింది.

నేను నీటి వనరుల ఇంజనీర్ని. వరద నీటిని ఎటు పంపాలి, ఎక్కడ నిలపాలి, ఏ గట్టు ఎంత ఎత్తు పొయ్యాలి అన్నది నా పని. మొదట్లో అంటారియోలో, బ్రాంప్టన్ చుట్టుపక్కల కొత్త కాలనీలకి వాన నీటి చెరువులు డిజైన్ చేశాను. పదేళ్ళుగా ఇక్కడ సర్రీ దగ్గర ఉంటున్నాను. ఇక్కడికొచ్చాక నా పనిలోకి చేప వచ్చి చేరింది.

ఆ చేప పేరు కోహో. సాల్మన్ జాతుల్లో ఒకటి. సాల్మన్ సముద్రం నుంచి నదికి ఎదురీది గుడ్లు పెడుతుందని అందరికీ తెలుసు. ఫోటోలు తీసుకోవడానికి వంతెనల మీద జనం గుమిగూడతారు. తరవాత పిల్లల సంగతి మాత్రం ఎవరూ అడగరు. కోహో పిల్ల పుట్టగానే సముద్రానికి పోదు. ఏడాదికి పైగా మంచినీళ్ళలోనే పెరుగుతుంది. శరదృతువు వానలకి ప్రధాన ప్రవాహం ఉరకలెత్తినప్పుడు వేలెడంత పిల్ల ఆ వడికి ఆగలేదు. పక్కనున్న నెమ్మది నీళ్ళలోకి, తుంగలూ విల్లో చెట్ల కొమ్మలూ ఉన్న పాయల్లోకి తప్పుకుని చలికాలం గడుపుతుంది. అలాంటి పాయని ఇక్కడ స్లూ అంటారు. పూర్వం నది పొంగినప్పుడు ఈ మైదానమంతా స్లూలే. పొలాల కోసం డైక్‌లు, అంటే మట్టి గట్లు, పోసి వాటిని నదినుంచి కోసేశారు. గట్టు కింద తూము పెట్టి, దానికి నదివైపు ఇనప మూత బిగించారు. పొలం నీళ్ళు బయటికి నెడితే కాస్త తెరుచుకుంటుంది, నది పెరిగితే మూసుకుంటుంది. దీని పేరు ఫ్లాప్ గేట్. నీళ్ళకి అది తలుపు. చేపకి గోడ.

మా ప్రాజెక్టు అలాంటి ఒక గోడని తలుపు చేయడం. పాత మూత తీసేసి, నది ఒక మట్టానికి చేరేదాకా తెరిచే ఉండి, ఆ తరవాత తేలుబంతి లేచి తనంతట తాను మూసుకునే కొత్త గేటు పెట్టాం. లోపలి స్లూలో పూడిక తీశాం. ఒడ్డున విల్లో కొమ్మలు, తుంగ నాటాం. నాటే పనికి ఒక శనివారం మన తెలుగువాళ్ళు కూడా పిల్లలతో వచ్చారు. రబ్బరు బూట్లలో, చేతికి బురదతో, ఒకరి ఫోటో ఒకరు తీసుకుంటూ, బాగానే పనిచేశారు.

అంతా సిద్ధం. ఒక్క షరతు మిగిలింది. స్లూని ఆనుకున్న భూమి గుర్మీత్ గారిది. అరవై దాటిన బ్లూబెర్రీ రైతు. గట్టు తెగి పొలం మునిగిన ఏడాదిని కళ్ళారా చూసినవాడు. ఆయన చెప్పింది సూటిగా ఉంది.

"ఈ ఒక్క చలికాలం చూస్తాను సిస్టర్. పొలం మునగకూడదు, చేప కనిపించాలి. రెండూ జరిగితే సంతకం పెడతాను. లేదా పాత మూత మళ్ళీ బిగించేసి వెళ్ళండి."

"ఇంకో ఏడాది గడువిస్తే..."

"వచ్చే ఏడు ఆ అంచున కొత్త మొక్కలు వేస్తున్నాను. ఆర్డరు కూడా ఇచ్చాను. మొక్కలు పెట్టాక నీళ్ళతో ఆటలు నేను ఒప్పుకోను."

ఆయన తప్పేం లేదు. బ్లూబెర్రీ వేరు నీళ్ళలో నానితే చస్తుంది. కాబట్టి లెక్క తేలికే. అక్టోబరు వానలకి ముందు గేటు తెరుచుకోవాలి, లేకపోతే ఇంకెప్పటికీ తెరుచుకోదు.

ఆగస్టు చివర మేగన్ ఫోన్ చేసింది. ఆమె మా ప్రాజెక్టులో బయాలజిస్టు. గేటు తెరవాలంటే ఆమె నివేదిక వెళ్ళాలి.

"స్లూలో గోల్డ్‌ఫిష్ ఉన్నాయి" అంది.

"ఎన్ని?"

"నాకు కనిపించినవి రెండు. కనిపించనివి ఎన్నో తెలిసేదాకా గేటు మాట ఎత్తకు."

గాజు తొట్టిలో ముచ్చటగా తిరిగే గోల్డ్‌ఫిష్‌కి చెరువు దొరికితే అది వేరే జీవి. అరచేతిని మించి పెరుగుతుంది. అడుగు మట్టి కెలికి నీళ్ళు మురికి చేస్తుంది, మనం నాటిన మొక్కల్ని వేళ్ళతో సహా పెకలిస్తుంది, ఇతర చేపల గుడ్లు తింటుంది. చలికీ ఓర్చుకుంటుంది, ఊపిరాడని నీళ్ళలోనూ బతుకుతుంది. అది చెడ్డదని కాదు. దాని చోటు ఇది కాదు. అది ఉండగా గేటు తెరిస్తే, స్లూలోంచి నదిలోకి, నదిలోంచి ఇంకో పది స్లూలలోకి పోతుంది. మన చేత్తో మనమే తలుపు తీసినట్టు.

అవి స్లూలోకి రావడానికి రెండు దారులు ఉన్నాయి. ఎగువ కాలనీలోని వాన నీటి చెరువులో గోల్డ్‌ఫిష్ గుంపులు గుంపులుగా పెరిగి, అక్కడినుంచి పొంగి వస్తుంటే, ఎన్ని పట్టినా వస్తూనే ఉంటాయి. అప్పుడు ఈ ఏడు గేటు లేదు, అంటే ఏ ఏడూ లేదు. అలా కాక ఎవరో ఈమధ్య కొన్ని తెచ్చి వదిలి ఉంటే, నీళ్ళు దించి పట్టేయవచ్చు. ఏది నిజమో చెప్పగలిగింది వదిలినవాడు ఒక్కడే.

చుట్టుపక్కల కాలనీల వాట్సాప్ గ్రూపులన్నిటికీ మెసేజ్ పంపించాం. మన తెలుగు గ్రూపులో నేనే రాశాను. ఎవరైనా వదిలి ఉంటే చెప్పండి, సరిదిద్దుకునే సమయం ఇంకా ఉంది అని. నాలుగు నమస్కారాల బొమ్మలు వచ్చాయి. ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం పంపాడు. ఇంకొకాయన, "ఆ చేపలు పులుసుకి బాగుంటాయా అండీ?" అని అడిగాడు. అంతే.

ఆ వారం ప్రసాద్, సునీతల గృహప్రవేశం. ప్రసాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, సునీత ఒక కంపెనీలో పేరోల్ చూస్తుంది. విల్లో కొమ్మలు నాటిన శనివారం ఇద్దరూ వచ్చారు. నాకు వ్రతాల మీద నమ్మకం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఊరి గ్రంథాలయం మెట్ల మీద ఆదివారం హేతువాద చర్చల్లో పెరిగినదాన్ని, ఆ అలవాటు సముద్రాలు దాటినా పోలేదు. పులిహోరతో మాత్రం నాకు తగాదా లేదు.

గుమ్మంలోనే సునీత నవ్వింది. "మీకు పూజ టైమ్ కాదక్కా, భోజనం టైమే చెప్పా. చూశారా, కరెక్టుగా వచ్చారు."

చెప్పులు గరాజ్‌లో విడవమన్నారు. అట్టపెట్టెల వెనక ఒక గాజు తొట్టి కనిపించింది. అడుగున రంగురాళ్ళు, పక్కన మోటారు, అద్దం మీద నాలుగు మూలలా కుంకుమ బొట్లు. చేపలు లేవు.

"ఇందులో చేపలేవి సునీతా?"

"ఎవరికో ఇచ్చేశాం అక్కా."

"ఎవరికి?"

ఆమె చేతిలో పేపరు ప్లేట్ల దొంతర సర్దుకుంది. "పప్పు చల్లారిపోతోంది, రండి."

నేను పప్పు తిన్నాను. పెళ్ళీ పూజా జరిగే ఇంట్లో నిలదీస్తే నిజం రాదు, మూతులు బిగుసుకుంటాయి. బయల్దేరి కారు దగ్గరికి వెళ్ళాక వెనక అడుగుల చప్పుడైంది.

"అక్కా, వాటిని చంపేస్తారా?" అంది సునీత.

ఆమె వెనకే ప్రసాద్ వచ్చాడు. "సునీ, నువ్వు లోపలికి వెళ్ళు."

"వెళ్ళను. వారం నుంచీ నిద్ర పట్టట్లేదు. చెప్పెయ్యండి."

ప్రసాద్ చుట్టూ చూశాడు. "అక్కా, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నాం. దీనివల్ల ఏమన్నా అవుతుందా?"

"నాకు తెలియదు ప్రసాద్. తెలియని దానికి భరోసా ఇవ్వను. చట్టం ప్రకారం వదలకూడదు, అది తెలుసు. నీ అంతట నువ్వు చెప్పడానికీ, అధికారులు వెతికి పట్టుకోవడానికీ తేడా ఉంటుంది, అదీ తెలుసు."

అప్పుడు మొత్తం చెప్పాడు. కిందటి ఏడాది ఉద్యోగం పోయింది. కంపెనీ సగం టీమ్‌ని తీసేసింది. ఇండియాలో ఉన్న వాస్తు సిద్ధాంతి వీడియోలో ఇల్లంతా తిప్పి చూసి, తొట్టి ఆగ్నేయంలో ఉంది, నిప్పు మూల నీళ్ళు పెట్టారు, అందుకే పోయింది అన్నాడట. తీసేసిన మిగతా సగం టీమ్ ఇళ్ళలోనూ తొట్టి ఆగ్నేయంలోనే ఉందా అని అడగాలనిపించింది. మళ్ళీ ఉద్యోగం దొరికాక కొన్న ఈ కొత్త ఇంట్లో ఈశాన్యాన బాత్రూమ్ వచ్చింది, తొట్టి అక్కడ కుదరదు. కాబట్టి చేపల్ని గృహప్రవేశానికి ముందే, ఇంటికి ఈశాన్య దిక్కున ఉన్న నీళ్ళలో ప్రాణంతో వదిలేయమన్నాడు. ఇంటికి ఈశాన్యాన ఏముంది? మా స్లూ.

"ఆ నీళ్ళు శుభ్రంగా ఉంటాయి, చేపల కోసమే చేస్తున్నామని మీరే చెప్పారు కదా అక్కా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కోపం దిగమింగి అసలు ప్రశ్న అడిగాను. "ఎన్ని వదిలావు?"

తడుముకోలేదు. "తొమ్మిది. ఎనిమిది బంగారు రంగు, ఒకటి నలుపు."

"ఖచ్చితంగానా?"

"తొమ్మిదే ఉండాలన్నారు ఆయన. ఎప్పుడైనా ఒకటి చచ్చిపోతే అదే రంగుది ఆ రోజే తెచ్చి వేసేవాణ్ణి."

"నలుపు ఎందుకు?"

"దిష్టంతా అది లాగేసుకుంటుందని."

నడిరోడ్డు మీద నిలబడి నవ్వేశాను. ఏళ్ళ తరబడి నేను తిట్టిపోసిన శాస్త్రం నా ఉద్యోగానికి ఒక్కసారి పనికొచ్చింది. మామూలుగా చేపలు వదిలినవాడు "ఏమో, ఓ పది ఉంటాయేమో" అంటాడు. ఇతని దగ్గర రంగుతో సహా లెక్క ఉంది.

ఆ సాయంత్రం, ఇండియాలో తెల్లవారాక, సిద్ధాంతి గారికి నేనే ఫోన్ కలపమన్నాను. ప్రసాద్ మొహమాటపడుతూనే కలిపాడు.

"జీవహింస వద్దన్నానమ్మా, అంతేగా" అన్నాడాయన మర్యాదగానే.

"వదలమన్న నీళ్ళలో ఏ జీవులున్నాయో అడిగారా?"

"నీళ్ళంటే నీళ్ళేగా అమ్మా."

ఇక్కడే నా తగాదా. ఆయన దురుద్దేశంతో చెప్పలేదు. ప్రసాద్ దురుద్దేశంతో చేయలేదు. తొమ్మిది ప్రాణాలు కాపాడాలనుకున్నారు, ఆ నీళ్ళలో ఎన్ని వేల ప్రాణాలు రాబోతున్నాయో తెలుసుకోవాలనుకోలేదు. ఎదురుగా ఉన్న జీవి మీద జాలి చూపి కనిపించని జీవిని మరిచిపోయే దయ సగం దయే. మిగతా సగం తెలుసుకోవడంలో ఉంది. దిక్కు చూశారు, లెక్క చూశారు, ముహూర్తం చూశారు. నీళ్ళు మాత్రం చూడలేదు.

మర్నాడు ప్రసాద్ తనే అధికారులకి ఫోన్ చేశాడు. మేగన్ పని మొదలుపెట్టింది. పద్ధతి పేరు డ్రాడౌన్. పంపుతో నీటి మట్టం దించుకుంటూ పోతే చేపలన్నీ చివరికి లోతు మడుగులోకి చేరతాయి. పంపు మూతికి సన్నని జల్లెడ కట్టాలి, చిన్న చేప కూడా లోపలికి పోకుండా. అప్పుడు సీన్ నెట్, అంటే ఇద్దరు రెండు కొసలు పట్టుకుని లాగే గోడలాంటి వల, వేసి తీయాలి. ఇక్కడి సొంత చేపల్ని తొట్లలోకి వేరుచేసి మళ్ళీ నీళ్ళలో వదలాలి. ఈ పనికి అనుమతి సెప్టెంబరు ఆఖరు లోపే.

పంపు అడగడానికి గుర్మీత్ గారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది దాచలేదు.

"మీవాళ్ళా వదిలింది?"

"మావాళ్ళే."

"మావాళ్ళు కాదు కదా. బతికించారు." గడ్డం నిమురుకుని ట్రాక్టరు వైపు నడిచాడు. "పెద్ద పంపు తీసుకోండి. చిన్నది దారిలో ఆగిపోతుంది."

ప్రసాద్ సెలవు పెట్టి వచ్చాడు. ఛాతీ దాకా రబ్బరు దుస్తులు వేసుకుని వల ఒక కొస పట్టాడు. మొదటి లాగుడుకే బురదలో కూర్చుండిపోయాడు. మేగన్ చెయ్యిచ్చి లేపి, "నీ చేపలు నీకంటే బాగా ఈదుతున్నాయి" అంది. మొదటి రోజు అయిదు దొరికాయి. రెండో రోజు మూడు. ఎనిమిదీ బంగారు రంగే.

నల్లది దొరకలేదు.

నల్లని బురద, నల్లని నీళ్ళు, తుంగ వేళ్ళ నీడ. వల అక్కడికి పోదు, వేళ్ళకి చిక్కుకుంటుంది. మూడో రోజు మధ్యాహ్నానికి ప్రసాద్ అలిసిపోయి ఒడ్డున కూలబడ్డాడు.

"ఒక్కటే కదా. ఒంటరిది పిల్లలు పెట్టదు కదా" అన్నాడు.

"రేపు ఇంకొకరు దానికి జోడీ తెచ్చి వదలరని నువ్వు హామీ ఇస్తావా?" అంది మేగన్. "నేను ఎనిమిదికి సంతకం పెట్టను. తొమ్మిదన్నావు, తొమ్మిది కావాలి."

మర్నాటి నుంచి వాన అని వాతావరణ సూచన. వాన పడితే స్లూ నిండుతుంది, ఇంక దించలేం. గుర్మీత్ గారు ట్రాక్టరు దగ్గర నిలబడి ఆకాశం చూస్తున్నాడు. రెండేళ్ళ పని ఒక చేప దాక్కున్న చోట ఆగింది.

ఆఫీసు అయ్యాక సునీత వచ్చింది. చేతిలో చేపల మేత డబ్బా, ఇంట్లో పప్పు వడ్డించే స్టీలు గరిటె.

"దానికి నా గరిటె చప్పుడు తెలుసక్కా" అంది. "రోజూ పొద్దున తొట్టి అంచు మీద టక్ టక్‌మనిపించి మేత వేసేదాన్ని. అందరికంటే ముందు వచ్చేది అదే. తిండిపోతు."

"సునీ, ఇది మన హాలు కాదు" అన్నాడు ప్రసాద్.

మేగన్‌కి నేను చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి పంపు ఆపించింది. అందర్నీ కదలొద్దంది.

సునీత ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుంది. మేగన్ స్టీలు బేసిన్ ఒకటి అంచున సగం ముంచి పట్టుకుంది. సునీత దాని అంచు మీద గరిటెతో కొట్టింది. టక్ టక్. నాలుగు మేత గింజలు వేసింది. గింజలు తేలుతూ ఉన్నాయి. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ వేసింది. ప్రసాద్ ఏదో అనబోతే గుర్మీత్ గారు భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

ఒక గింజ మాయమైంది.

నీళ్ళ మీద చిన్న సుడి. ఇంకో గింజ పోయింది. తరవాత ఒక నల్లని నోరు పైకి వచ్చింది. సునీత గొంతు పెంచకుండా, "రా, రా తల్లీ" అంటూ గింజల్ని దగ్గర దగ్గరగా, బేసిన్ లోపలికి వేసింది. చేప వెంట వచ్చింది. మేగన్ బేసిన్ పైకెత్తింది.

ప్రసాద్ రెండు చేతులూ జోడించాడు. "స్వామీ..."

"స్వామి కాదు, సునీత" అన్నాను.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. మూడు రోజులుగా ఎవరమూ నవ్వలేదు. ఆ తరవాత గ్రూపులో దీన్ని మహిమ అని రాసినవాళ్ళకి నా జవాబు ఒకటే. ఇది అలవాటు. చప్పుడైతే తిండి వస్తుందని చేప నేర్చుకుంది, కొన్ని వారాలు గుర్తుపెట్టుకుంది. చేపకి నేర్చుకునే శక్తి ఉంది. మనకీ ఉంది.

ఇంకోసారి సన్న వలతో స్లూ అంతా గాలించి, గోల్డ్‌ఫిష్ పిల్ల ఒక్కటి కూడా లేదని తేల్చుకుని మేగన్ సంతకం పెట్టింది. ఆ రాత్రే వాన మొదలైంది. అప్పటిదాకా మూసి ఉంచిన కొత్త గేటు ఇప్పుడు తెరుచుకుని ఉంది. చలికాలంలో నది బాగా పెరిగిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. తేలుబంతి లేచింది, మూత తనంతట తాను మూసుకుంది, గుర్మీత్ గారి పొలం పొడిగా ఉంది. నది తగ్గాక మళ్ళీ తెరుచుకుంది.

వసంతం మొదట్లో ఒక ఉదయం మేగన్ స్లూలో బోను ఎత్తింది. అడుగున వేలెడంత చేపలు తళతళలాడాయి. తోకకి ముందుండే కింది రెక్క అంచున తెల్లటి గీత. కోహో పిల్లలు.

గుర్మీత్ గారు వంగి చూశాడు. "ఇంతేనా? దీనికోసమా నా పంపు మూడు రోజులు తిప్పారు?"

"దీనికోసమే."

ఇంకాసేపు చూశాడు. "పొలం మునగలేదు, చేప వచ్చింది. కాగితం తెండి."

ప్రసాద్‌కి హెచ్చరికతో సరిపోయింది. తనంతట తాను చెప్పినందుకే అని అధికారులు స్పష్టంగా అన్నారు. సిటిజన్‌షిప్ తరవాతి ఏడాది వచ్చింది. తొమ్మిది చేపల్నీ ఇంకెన్నడూ బయట వదలబోమని రాయించుకుని సునీతకే తిరిగి ఇచ్చారు. తొట్టి ఎక్కడ పెట్టమంటారని ప్రసాద్ ఫోన్ చేసి అడిగాడు.

"ఎండ పడని చోట, ప్లగ్గు దగ్గర."

"అది ఆగ్నేయమే అయింది అక్కా."

"చేపల్ని అడుగు, వాటికేమన్నా అభ్యంతరమేమో."

పెట్టాడు. నల్లది ఇప్పటికీ గరిటె చప్పుడికి ముందుగా వస్తుందట.

ఈ కేసు నాకు నేర్పింది వాస్తు తప్పని కాదు. అది నాకు ముందే తెలుసు. నేర్పింది ఏమిటంటే, ఒక నీటి పాయని చంపగలిగేది తప్పుకంటే ఎక్కువగా ఆ తప్పుని కప్పిపుచ్చే మౌనం. తొమ్మిది చేపలు చేయబోయిన నష్టాన్ని ఒక్క సంఖ్య ఆపింది, ఆ సంఖ్యని భయపడుతూనే ఇద్దరు మనుషులు బయటపెట్టారు. వాళ్ళు ఆ రోజు కారు దాకా రాకపోయి ఉంటే, ఈపాటికి పాత ఇనప మూత మళ్ళీ బిగించేసి ఉండేవాళ్ళం.

కాబట్టి ఇప్పుడు మీ సంగతి. తొట్టి బరువైతే కొన్న షాపుకి తిరిగి ఇవ్వండి, పెంచుకునేవాళ్ళకి ఇవ్వండి. చెరువులో, కాలవలో, నదిలో, ఏ దిక్కున ఉన్నా సరే, వదలకండి. ఇప్పటికే వదిలి ఉంటే రేపటికి వాయిదా వేయకండి, ఎవరో కనిపెడతారులే అని చూడకండి. ఇవాళే ఫోన్ తీయండి. ఎన్ని వదిలారో, ఏ రంగువో, ఎక్కడో చెప్పండి.